పిల్ల కావాలని తడపడం లేదు

"సిస్టరమ్మా, ఆపరేషన్ అయిపోయింది కదా, ఇంకా లాగులు తడుపుతూనే ఉంది. కొట్టినా మానడం లేదు" అని కొందరు తల్లులు మాతో అంటుంటారు. అమ్మా, పిల్లను కొట్టకండి. తప్పు పిల్లది కాదు.

కొందరు ఆడపిల్లలకు పుట్టుకతోనే మూత్రనాళం, యోని, పెద్దపేగు చివర మూడూ లోపలే కలిసిపోయి ఒకే రంధ్రంగా బయటికి వస్తాయి. దీనిని క్లోయకా అంటారు. ఇది చాలా అరుదు. సర్జన్ ఆపరేషన్ చేసి మూడు దారులను వేరు చేస్తారు. అయితే దారి సరిచేసినంత మాత్రాన అదుపు రాదు.

కారణం ఏమిటి?

మూత్రసంచి నిండిందని మెదడుకు తెలిపే నరాలు వెన్ను చివరి నుండి వస్తాయి. ఈ పిల్లల్లో చాలామందికి ఆ ఎముక, నరాలు కూడా సరిగా ఏర్పడవు. అందువల్ల సంచి పూర్తిగా ఖాళీ కాదు. నిండిన కుండ పొర్లినట్లు చుక్కచుక్కగా కారుతుంది. బట్ట తడిసింది గనుక మూత్రం వచ్చేసిందని అనుకోవద్దు. లోపల నిలిచిన మూత్రంలో క్రిములు పెరుగుతాయి. ఒత్తిడి వెనక్కి తన్ని కిడ్నీలు నొప్పి లేకుండానే పాడవుతాయి. మా భయమంతా అదే.

ఏమి చేయాలి?

డాక్టరుగారు చెబితే, పగటిపూట 3, 4 గంటలకోసారి సన్నని గొట్టంతో (కేథటర్) మూత్రం తీయాలి. 1972లో అమెరికా డాక్టర్ జాక్ లాపిడెస్ ఈ పద్ధతిని తెలియజేశారు. ఇంట్లో ఆపరేషన్ థియేటర్ అంత శుద్ధి అక్కరలేదు, శుభ్రత చాలు.

• చేతులు సబ్బుతో కడుక్కోండి.
• గొట్టం మెల్లగా పెట్టండి. మూత్రం ఆగేవరకు ఉంచండి. బలవంతంగా తోయవద్దు.
• మలబద్ధకం రానీయకండి. గట్టిపడిన మలం మూత్రసంచిని నొక్కుతుంది.
• తడుస్తుందని నీళ్ళు తాగడం మాన్పించకండి.
• జ్వరం, వాంతులు, నడుము నొప్పి, మూత్రం దుర్వాసన ఉంటే వెంటనే తీసుకురండి.
• బాగానే ఉన్నా చెప్పిన తేదీకి స్కానింగ్‌కు, రక్తపరీక్షకు రండి.

దీనితో సరిపోకపోతే మందులున్నాయి, అవసరమైతే సంచిని పెద్దది చేసే ఆపరేషన్ కూడా ఉంది.

బడిలో ఒక టీచరమ్మకు మాత్రం విషయం చెప్పి ఉంచండి. ఆరేడేళ్ళు వచ్చాక చాలామంది పిల్లలు అద్దం చూసుకుంటూ తామే గొట్టం పెట్టుకోవడం నేర్చుకోగలరు. ఓపికగా నేర్పండి. పొడి బట్టలతో బడికి వెళ్ళిన పిల్ల తలెత్తుకుని నడుస్తుంది.