బీగము అందఱికి, బీగపుచెవి మనకు

చిక్కబళ్ళాపురము, బాగేపల్లి, చింతామణి ప్రాంతములందు చదువుకొని బెంగుళూరునకు కొలువులకు పోయిన మన బిడ్డలు అనేకులు కలరు. 2020వ సంవత్సరమున కరోనా వ్యాధివలన కచ్చేరులు మూతపడగా వారిలో పలువురు ఇల్లు చేరి, వసారాలో కూర్చుండియే బెంగుళూరునందలి, ఒక్కొక్కప్పుడు అమెరికాయందలి కంప్యూటర్లలో పని నడిపిరి. "పిల్లవాడు ఇచటనే యున్నాడే, అచటి యంత్రమును ఎట్లు నడుపుచున్నాడు? నడిదారిలో ఎవరును చూడరా?" అని పెద్దలకు సందేహము కలుగుట సహజము. దానిని మాకు చేతనైనంత సులభముగా తీర్చుటకు ఇందు యత్నించుచున్నాము. ఇది ఉద్యోగుల సంగతి మాత్రమే కాదు; ఫోనులో బ్యాంకు లెక్క చూచుకొను ప్రతి కుటుంబమునకును సంబంధించినది.

మొదట దారి సంగతి. ఇంటినుండి బయలుదేఱిన మాట దూరపు యంత్రమును చేరులోపల నడుమనున్న పెక్కు యంత్రముల చేతులు మాఱును. అది పోస్టుకార్డు వంటిది. మోయు ప్రతివాడును చదువవచ్చును. టెల్‌నెట్ అను పాత పద్ధతిలో మనము ఒత్తిన ప్రతి అక్షరమును, కడకు పాస్‌వర్డును గూడ, ఉన్నదున్నట్లే దారిని పోయెడిది. 1995వ సంవత్సరమున ఫిన్‌లాండు దేశపు హెల్సింకి సాంకేతిక విశ్వవిద్యాలయమున ఎవరో దారిలో పొంచియుండి ఇట్టి పాస్‌వర్డులను ప్రోగుచేసిరి. అచటి పరిశోధకుడగు టాటూ యులోనెన్ ఆ బెడదకు విరుగుడుగా "సెక్యూర్ షెల్" అను సాధనమును నిర్మించి ఆ యేటనే విడుదల చేసెను. దీనినే క్లుప్తముగా ఎస్.ఎస్.హెచ్. అందురు. పోస్టుకార్డునకు మాఱుగా బీగము వేసిన పెట్టెను పంపుటయే దీని సారాంశము.

మాటను దాచుట మనకు క్రొత్త కాదు. పిల్లలు పెద్దల యెదుట "కభాష" మాటలాడుట మనమెఱిగినదే. "రేపు రా" అనుటకు "కరే కపు కరా" అందురు. ప్రతి అక్షరమునకు ముందు "క" చేర్చుట అను కిటుకు తెలియనంతవఱకు అది గూఢభాష. తెలిసిన మఱునిమిషమున అది తేట తెలుగు. అనగా ఇందు పద్ధతియే రహస్యము. పద్ధతి బయటపడినచో సర్వమును బయటపడును.

మంచి గూఢలిపి ఇట్లుండరాదు. పద్ధతి శత్రువు చేత చిక్కినను రహస్యము నిలువవలెనని ఓగస్ట్ కెర్కాఫ్స్ అను పండితుడు 1883లోనే సూత్రీకరించెను. నేటి గూఢలిపుల పద్ధతులు గ్రంథములందు అచ్చుపడియే యున్నవి, ఎవరైనను చదువవచ్చును. రహస్యమైనది ఒక పెద్ద సంఖ్య మాత్రమే. అదియే బీగపుచెవి. బీగములు ఎట్లు చేయుదురో ఊరందఱికి తెలిసినను, మన యింటి బీగపుచెవి మనయొద్దనే యున్నంతవఱకు ఇల్లు భద్రమే గదా!

అయినను ఒక చిక్కు కలదు. దూరముననున్నవానికి ఆ చెవిని ఎట్లు పంపుట? దారిలోనే దొంగ యున్నాడే! 1976లో డిఫీ, హెల్‌మన్ అను నిద్దఱు అమెరికా శాస్త్రజ్ఞులు దీనికి ఉపాయము చూపిరి. మఱుసటి యేట రివెస్ట్, షమీర్, ఏడెల్‌మన్ అను మువ్వురు ఇంకొక మార్గము కనుగొనిరి. చెవిని పంపనక్కఱలేదు, తెఱచిన బీగమును పంపుము, అవతలివాడు పెట్టెకు దానిని వేసి తిరిగి పంపును, తెఱచు చెవి నీయొద్దనే యుండును అని వీరి భావము. ఈ బీగము ఇనుముతో గాక గణితముతో చేసినది. 53ను 61చే గుణించిన 3233 వచ్చునని మన పిల్లలు క్షణములో చెప్పుదురు. 3233 ఏ రెండు సంఖ్యల లబ్ధమని అడిగినచో చాలసేపు తడుముకొందురు. 600 అంకెలకు మించిన సంఖ్యయైనచో నేటి కంప్యూటర్లు సైతము ఆ పని చేయజాలవు.

ఇక ఎస్.ఎస్.హెచ్. నడచు క్రమము. మొదట దూరపు యంత్రము తన గుర్తును చూపును. తాను చేరవలసిన చోటు అదియేనా యని మనవాడు సరిచూచుకొనవలెను. పిమ్మట రెండు యంత్రములును ఆ పూటకు మాత్రమే చెల్లు రహస్యసంఖ్య నొకదానిని కుదుర్చుకొనును. అటుపై పోవు ప్రతి అక్షరమును గూఢలిపిలోనే పోవును. కడపట మనవాడు తానెవరో పాస్‌వర్డుచే గాని, తన చెవిచే గాని ఋజువు చేసికొనును. చెవిచే ఋజువు చేయునప్పుడు బీగము దూరపు యంత్రమునందుండును. చెవి మాత్రము ఎన్నడును ఇల్లు దాటదు. చెవి తనయొద్ద కలదని నిరూపించునే గాని, దానిని చూపడు.

తల్లిదండ్రులు ముఖ్యముగా గ్రహింపవలసినది ఇదియే. గూఢలిపి దారిని కాచును, గుమ్మమును కాయదు. బ్యాంకుతో మనము జరుపు వ్యవహారమును ఇట్టి గూఢలిపియే రక్షించుచున్నది. కాని బ్యాంకువారమని ఎవరో ఫోనుచేసి అడుగగా ఓ.టి.పి. అంకెలను మనమే చెప్పినచో, ఎంత గట్టి గణితమును మనలను కాపాడజాలదు. దొంగ బీగమును పగులగొట్టలేదు. చెవిని మనమే చేతికిచ్చితిమి. బ్యాంకువారు ఫోనులో ఆ అంకెలను అడుగరు. ఒకవేళ మోసము జరిగినచో సిగ్గుపడి దాచుకొనక, వెంటనే 1930 అను సంఖ్యకు ఫోను చేయవలెను. ఆలస్యమైనకొలది సొమ్ము చేజాఱును.

స్నేహమునకు గుర్తుగా పాస్‌వర్డులు పంచుకొను పిల్లలు కలరు. వారిని దండింపక, దగ్గఱ కూర్చుండబెట్టుకొని కభాష ముచ్చటతో మొదలిడి ఈ సంగతి బోధింపుడని మా మనవి. పద్ధతి పదిమందికి నేర్పదగినది. చెవి ఒక్కరియొద్దనే యుండదగినది.