శీక్షావల్లిలో వాగ్విద్య : ప్రవచనమను సంధానము

డిగ్రీ పాఠ్యప్రణాళికలలో 'కమ్యూనికేషన్ స్కిల్స్' అను పేర ఒక విషయము చేరి కొంతకాలమైనది. ప్రాచ్యకళాశాలల విద్యార్థులును దానిని చదువుచున్నారు. ఎదుటివానిని చూచి మాటలాడుట, కంఠమును తగినట్లు హెచ్చించి తగ్గించుట, సభాకంపమును పోగొట్టుకొనుట మొదలగునవి అందు నేర్పుదురు. ఇవి అక్కఱలేనివని నేననను. కాని వక్తకును శ్రోతకును నడుమ జరుగునదేమి, పలికిన మాటకు బాధ్యుడెవడు అను ప్రశ్నలు ఆ పాఠములలో తఱచుగా కానరావు. ఈ ప్రశ్నలనే ముందుంచుకొని బోధించిన గ్రంథము మన వేదపాఠశాలలలో నేటికిని పఠింపబడుచున్నది. అది తైత్తిరీయోపనిషత్తునందలి శీక్షావల్లి. తెలుగునాట కృష్ణయజుశ్శాఖాధ్యాయులు అధికులగుటచే ఆ వల్లి పెక్కుమందికి కంఠస్థము. కంఠస్థమగుటచేతనే కాబోలు, దాని యర్థమును గూర్చి విచారించువారు తక్కువ.

రెండవ అనువాకము శిక్షకు ఆఱంగములను చెప్పుచున్నది: వర్ణము, స్వరము, మాత్ర, బలము, సామము, సంతానము. ఇవి ఉచ్చారణకు సంబంధించినవి. పాణినీయశిక్ష ఈ మార్గముననే నడచి అధమపాఠకులను ఆఱువిధములుగా లెక్కించినది. రాగము తీయువాడు, తొందరించువాడు, తల ఊపువాడు, వ్రాతను చూచి చదువువాడు, అర్థమెఱుగనివాడు, కంఠము చాలనివాడు. ఈ పట్టికలో అర్థమెఱుగనివాడు తల ఊపువాని సరసనే నిలిచియుండుట గమనింపదగినది. ఆడుపులి తన పిల్లను జాఱవిడువక, గాటు పడనీయక, కోరలతో పట్టుకొనిపోవునట్లు వర్ణములను ప్రయోగింపవలెనని ఆ గ్రంథమే చెప్పినది. ఇంతకంటె చక్కని ఉపమానము ఉచ్చారణకు లేదు.

ఇంతవరకు మన పాఠశాలలు బాగుగానే కాపాడినవి. వేదపఠన సంప్రదాయమును యునెస్కో 2003లో మానవాళి మౌఖిక వారసత్వములలో ఒకటిగా ప్రకటించి, 2008లో తన ప్రాతినిధ్య జాబితాలో చేర్చినది. శబ్దమునకు గౌరవము దక్కినది. కాని ఉపనిషత్తు రెండవ అనువాకముతో ఆగలేదు.

మూడవ అనువాకము సంహితోపనిషత్తు. వ్యాకరణములో పూర్వవర్ణము, పరవర్ణము, వాని సంధి, ఆ సంధిని కూర్చునది అను నాలుగు ఉన్నట్లే, లోకములందును జ్యోతిస్సులందును విద్యయందును ప్రజయందును ఆత్మయందును నాలుగేసి కలవని అందు ఉపదేశము. విద్యాధికరణమున ఆచార్యుడు పూర్వరూపము, అంతేవాసి ఉత్తరరూపము, విద్య సంధి, ప్రవచనము సంధానము. ఈ లెక్కన విద్య ఆచార్యునిలో మూటగట్టియుండి శిష్యునకు అందింపబడునది కాదు. ఇరువురును కలిసినచోటనే అది పుట్టుచున్నది. వినువాడు లేనిచో సంధియే లేదు. అధ్యాత్మాధికరణమున క్రింది దవడ, పై దవడ, వాక్కు, నాలుక అను నలుగింటిని చెప్పుటచే, దేహమున నాలుక చేయు పనిని విద్యయందు ప్రవచనము చేయుచున్నదని తేలుచున్నది.

ఉపాసన యేల ఇచట? శంకరభగవత్పాదులు కారణము చెప్పిరి. గ్రంథపాఠముచే మిక్కిలి వాసితమైన బుద్ధిని ఒక్కసారిగా అర్థజ్ఞానమున దింపుట శక్యము కాదు. కావున గ్రంథమునకు సమీపమైన సంహితనే ఆలంబనముగా జేసి ఉపాసనము విధింపబడినదని వారి భావము. వల్లెవేయుటకే అలవాటుపడిన విద్యార్థిని ఎఱిగిన బోధకుడు వ్రాసిన మాట యిది. ఏండ్లతరబడి పాఠము చెప్పినవారికి దీనిని విశదపఱుపవలసిన పనిలేదు.

నాల్గవ అనువాకమున ఆచార్యుడు తన నాలుక మిక్కిలి మధురము కావలెనని వేడుకొని, వెంటనే చెవులతో ఎక్కువగా వినగలుగవలెనని కోరుచున్నాడు. బ్రహ్మచారులు తన కడకు రావలెననుట ఆ తరువాత. సంతలో గురువు ఒకమాఱు చెప్పును, శిష్యులు రెండుమాఱులు చెప్పుదురు. ఆ రెండుమాఱులును గురువు చేయవలసిన పని వినుటయే. ఏ శిష్యుని స్వరము ఎచట జాఱినదో పట్టుకొనని గురువు సంత చెప్పినట్లు కాదు. ప్రసంగకళను నేర్పు నేటి పాఠములలో ఈ శ్రవణభాగమునకు ఇంకను చోటు పెరుగవలసియున్నది.

వైయాకరణులకు ప్రీతికరమగు విశేషమింకొకటి కలదు. మొదటి అనువాకమున సత్యమును పలుకుదునను ప్రతిజ్ఞ లృట్టులో ఉన్నది. తుది అనువాకమున అదే మాట లుఙ్‌లో, పలికితినని, ఉన్నది. రక్షింపుమను ప్రార్థనయు తుదకు రక్షించెనని మాఱినది. పాఠము ముగిసిన పిదప వక్త తన మాటకు లెక్క చెప్పుకొనుచున్నాడు. ఆధ్యాత్మికత వాగ్విద్యకు చేర్చునది ముఖ్యముగా ఈ లెక్కయేనని నా యభిప్రాయము. పదునొకండవ అనువాకమున ఆచార్యుడు తన సుచరితములనే అనుసరింపుమని, ఇతరములను విడువుమని శిష్యునకు చెప్పుటయు ఈ కోవలోనిదే.

మతసంబంధమగు ఈ బోధ అందఱకును ఎట్లు వర్తించునని అడుగువారు గలరు. ప్రశ్న న్యాయమైనదే. ఆనాడు ఈ విద్యకు అధికారము కొందఱకే. నేడు మన తరగతులలో అన్ని కులములవారును, బాలికలును కూర్చుండుచున్నారు. శాంతిమంత్రములలో దేవతలు గలరు, నిజమే. వారియందు విశ్వాసము ఎవరికిని పరీక్షావిషయము కారాదు. విద్యాధికరణమున చెప్పిన నలుగింటిలో మాత్రము దేవతాప్రసక్తి లేదు. ఆ నాలుగు ఏ తరగతిగదిలోనైనను ఉన్నవే.

లోపము మన వైపునను గలదు. స్వరము తప్పక పనస చెప్పు విద్యార్థి దాని భావమును నాలుగు వాక్యములలో చెప్పుమన్నచో తడబడుచున్నాడు. రఘువంశమునకు ఆకాంక్షాక్రమమున ప్రశ్నలు వేయుచు అన్వయము చెప్పించు పద్ధతి పోయి, గైడు పుస్తకము వచ్చినది. వ్రాతపరీక్ష పూర్వరూపమును ఎఱుగదు, ఉత్తరరూపమును ఎఱుగదు.

కావున ఒక సూచన. తుది సంవత్సరపు విద్యార్థి తాను చదివిన గ్రంథమునుండి ఒక భాగమును ప్రథమవర్షము వారికి వారమురోజులు పాఠము చెప్పవలెను. ఎనిమిదవ దినమున పరీక్షకుడు ప్రశ్నింపవలసినది పాఠము చెప్పినవానిని కాదు, విన్నవారిని. వారు తిరిగి చెప్పినదానినిబట్టి అతనికి మార్కులు వేయవలెను. దీనికి క్రొత్త పుస్తకము అక్కఱలేదు, అదనపు పదవియు అక్కఱలేదు. కాలపట్టికలో వారమునకు ఆఱు గంటలు చూపినచో చాలును.