ఛాయాచిత్రములకు మంచి ప్రతులు తీయించుట ఎట్లు?

గౌతమీ వసిష్ఠ పాయల నడుమనున్న కోనసీమలో నేడు ఛాయాచిత్రము అరుదైన వస్తువు కాదు. పెండ్లియైనను, గృహప్రవేశమైనను, కనుమనాటి ప్రభల తీర్థమైనను చేతిలోని ఫోను వందలకొలది చిత్రములు తీయుచున్నది. అయినను ఇంటి పెద్ద కాలము చేసినప్పుడు, పెద్దకర్మనాటికి పటము కట్టించుటకు తగిన చిత్రమొక్కటి వెదకిన దొరకుట కష్టము. పెండ్లి గుంపులోని గోరంత ముఖమును పెద్దది చేయింతురు. కన్నులు తెలియని ఆ మసక పటమే తరువాతి తరములవారికి తాతగారి రూపమై నిలుచును. ఈ కొరత రాకుండ చేసికొనుట మన చేతిలోని పని.

ప్రతి అను వసతి ఫొటోకు పుట్టుకతో వచ్చినది కాదు. 1839లో ఫ్రాన్సు దేశమున వెల్లడియైన డాగేరు పద్ధతిలో ఒక రేకుపై ఒకే చిత్రము వచ్చెడిది. ఇంగ్లండులో టాల్బట్ 1841లో హక్కు పొందిన నెగిటివ్ పద్ధతి వలన ఒక మూలము నుండి ఎన్ని ప్రతులైనను తీయుట సాధ్యమయ్యెను. మూలము బాగుగనున్ననే ప్రతి బాగుండునను సూత్రము నాటికిని నేటికిని ఒక్కటే.

చుక్కల లెక్క

ఫోనులోని చిత్రము సన్నని చుక్కల కూర్పు. చేతితో పట్టుకొని చూచు ప్రతికి అంగుళమునకు 300 చుక్కలుండుట మేలు. ఆ లెక్కన 4 అంగుళముల వెడల్పు, 6 అంగుళముల పొడవు గల ప్రతికి 1,200 చుక్కలు అడ్డముగను, 1,800 నిలువుగను కావలెను. గోడకు తగిలించి దూరము నుండి చూచు పెద్ద పటమునకు అంగుళమునకు 150 చాలును. వాట్సాపులో మామూలుగా పంపిన చిత్రము, త్వరగా చేరుటకై కుదింపబడి ఈ చుక్కలలో చాల భాగము పోగొట్టుకొనును. కనుక గల్ఫు దేశములనుండి పిల్లలు పంపునప్పుడు డాక్యుమెంటు రూపమున పంపుమని చెప్పవలెను. స్టూడియోకు పోవునప్పుడు తీసిన ఫోనునే తీసికొనిపోవుట అన్నిటికంటె ఉత్తమము.

ఫోను చిత్రము సాధారణముగా 4కు 3 పాళ్లలో నుండును. 6కు 4 అంగుళముల కాగితము పాళ్లు వేరు. కాగితము నిండునట్లు ముద్రించినచో చిత్రములో తొమ్మిదవ వంతు తెగిపోవును. తలపాగాయో, అంచున నిలిచిన బామ్మగారో పోవుట ఇందువలననే. అంచులలో తెల్లజాగా విడిచి ముద్రింపుమనియైనను, 8కు 6 అంగుళముల ప్రతి ఇమ్మనియైనను కోరవలెను. ఫోను తెర తనంత వెలుగునిచ్చును. కాగితము బయటి వెలుతురుపై ఆధారపడును. కావున ప్రతి కొంత నల్లగ కనిపించవచ్చును. పెద్ద పటమునకు ముందు చిన్న ప్రతి ఒకటి తీయించి చూచుకొనుట తెలివైన పని.

పాత పటముల సంగతి

పాత ఫొటోను ఫోనుతో తిరిగి ఫొటో తీయుటకంటె స్కానరుపై నుంచుట మంచిది. అంగుళమునకు 600 చుక్కలతో స్కాను చేయించినచో, దానికి రెండింతల నిడివి గల చక్కని ప్రతి వచ్చును. అద్దమునకు అతుకుకొన్న ఫొటోను బలవంతముగ ఊడదీయరాదు. అద్దముతోనే స్కాను చేయింపవలెను. నెగిటివ్ దొరికినచో దానినే మూలముగ గైకొనవలెను.

నేడు కృత్రిమ మేధ యంత్రములు మసక ముఖమును నిమిషములో తేటపరచుచున్నవి. కాని అవి లేని వివరమును ఊహించి నింపును. వచ్చిన ముఖము అందముగ నుండవచ్చును గాని అమ్మగారిది కాకపోవచ్చును. ఆమెను ఎరిగినవారికి చూపి, మూలముతో పోల్చిన పిమ్మటనే పటము కట్టింపవలెను. మూలమును ఎన్నడును పారవేయరాదు.

తేమ, వరద

సముద్రపు గాలి, కాలువల తేమ గల మన సీమలో బూజు ఫొటోలకు పెద్ద శత్రువు. పటము కట్టించునప్పుడు అద్దమునకును ఫొటోకును మధ్య అట్ట చట్రముంచి సందు విడువవలెను. ఎండ తగులు గోడపైనను, చెమ్మ గోడపైనను తగిలింపరాదు. జిగురు పుటల ఆల్బములు కాలక్రమమున ఫొటోలను పాడుచేయును.

1986 ఆగస్టు వరదను, 1996 నవంబరు తుపానును, 2022 జూలై వరదను చూచిన లంకవాసులకు ఇంకొక జాగ్రత్త అవసరము. తడిసి అంటుకొన్న స్టూడియో ఫొటోలను ఎండనిచ్చి లాగరాదు. శుభ్రమైన చల్లని నీటిలోనుంచి మెల్లగ విడదీసి, బొమ్మవైపు పైకుండునట్లు నీడలో ఆరబెట్టవలెను. రెండు దినములు దాటిన బూజు పట్టును. సిరా యంత్రముపై ముద్రించిన ప్రతులను మాత్రము నీట ముంచరాదు, సిరా కరగిపోవచ్చును.

అన్నిటికంటె గట్టి రక్షణ ఇంకొక ప్రతియే. ముఖ్యమైన చిత్రముల ప్రతులొక కట్ట ఇంటనుంచి, రెండవ కట్టను వరద చేరని ఊరిలోని ఆడపడుచు ఇంటనో, అన్నదమ్ముల ఇంటనో ఉంచవలెను. ప్రతి వెనుక మెత్తని పెన్సిలుతో పేరు, ఊరు, సంవత్సరము వ్రాయుట మరువరాదు. ఇంటిలోని పెద్దలు చల్లగ నుండగనే, ఉదయపు వెలుతురున అరుగుపై కూర్చుండబెట్టి ఒక్కొక్కరికి ఒక మంచి ఫొటో తీసి ప్రతి చేయించుడు. ఆ ప్రతిని ముందుగా వారి చేతికే ఇచ్చి చూపుడు. అందు మీకు కలుగు సంతోషము తక్కువది కాదు.