గెలిపించిన ఎత్తు మంచిదేనా?

క్లాసికల్ చదరంగం పోటీల్లో ప్రతి ఆటగాడూ తన ఎత్తులనూ, ప్రత్యర్థి ఎత్తులనూ కాగితం మీద రాయాలి. 2002లో పదిహేనేళ్లకే గ్రాండ్‌మాస్టర్ అయిన గుడివాడ అమ్మాయి కోనేరు హంపికైనా, కోరుకొండ నుంచి రాజమహేంద్రవరం వెళ్లి తొలి పోటీ ఆడే పిల్లవాడికైనా ఇదే నియమం. ఆట ముగిశాక ఆ కాగితాన్ని శాస్త్రీయంగా చదవడం నేర్చినవాడే ఎదుగుతాడు.

కొత్త ఆటగాళ్లకు ఎదురయ్యే ఒక వరస చూద్దాం. తెలుపు బంటు ఇ4, నలుపు బంటు ఇ5. తెల్ల గుర్రం ఎఫ్3, నల్ల బంటు డి6. తెల్ల ఒంటె సి4, నల్ల ఒంటె జి4. తెల్ల రెండో గుర్రం సి3, నల్ల గుర్రం సి6. ఐదో ఎత్తులో తెలుపు, వెనకున్న మంత్రిని లెక్కచేయకుండా, ఎఫ్3 గుర్రంతో ఇ5 బంటును కొట్టింది. ఆశపడిన నలుపు ఆ మంత్రిని తీసుకుంది. ఒంటె ఎఫ్7లో బంటును కొట్టి చెక్ చెప్పింది. రాజు ఇ7కు జరిగాడు. గుర్రం డి5కు వచ్చింది. ఏడు ఎత్తుల్లో ఆటకట్టు!

18వ శతాబ్దపు ఫ్రెంచి ఆటగాడు లెగాల్ పేరుతో ప్రసిద్ధమైన ఎత్తుగడ ఇది. అయినా ఇక్కడ ఆ ఐదో ఎత్తు తప్పు. నలుపు ఆ మంత్రి జోలికి పోకుండా సి6 గుర్రంతో ఇ5 గుర్రాన్ని కొట్టి ఉంటే, ఆ గుర్రమే జి4లోని తన ఒంటెకు కాపు కాసేది. తెలుపుకు ఒక బంటు దక్కి, గుర్రం పోయేది. నాలుగో ఎత్తులో నలుపు గుర్రానికి బదులు బంటును జి6కు జరిపి ఉంటే మాత్రం ఇదే బలి సరైనది. అప్పుడు నలుపు డి6 బంటుతో గుర్రాన్ని కొట్టినా, కాపు లేని జి4 ఒంటెను తెల్ల మంత్రి తీసుకుంటుంది. తెలుపుకు ఒక బంటు లాభం.

ఎత్తు విలువను ఫలితం చెప్పదు. ప్రత్యర్థి ఇవ్వగల అత్యుత్తమ జవాబు చెబుతుంది. 2004లో కౌలీ, బర్న్ అనే పరిశోధకులు గమనించింది కూడా ఇదే: అనుభవజ్ఞులు తమ ఆలోచనను కూల్చే జవాబు కోసం వెతుకుతారు, కొత్తవారు ప్రత్యర్థి తమకు అనుకూలంగా ఆడతాడని ఊహించుకుంటారు.

స్టాక్‌ఫిష్ వంటి చదరంగం ప్రోగ్రాం ఆ ఐదో ఎత్తులోని తప్పును క్షణంలో పట్టి, లాభనష్టాల అంకె చూపిస్తుంది. ఆ అంకె వెనకున్న కారణాన్ని మనమే కనుక్కోవాలి. అందుకే యంత్రాన్ని అడగక ముందే, ప్రతి కీలకమైన ఎత్తు పక్కనా ఏ జవాబుకు భయపడ్డామో, దేన్ని చూడలేదో రాసుకోవాలి. ఓడిన ఆటలకే కాదు, గెలిచిన ఆటలకూ ఈ పరీక్ష తప్పనిసరి.