ఇంటికంటె ముందు పేటను జూడుడు



ఇల్లు కొనదలచినవారు మొదట గోడలను జూతురు, పిదప వాస్తువును జూతురు, పిమ్మట ధరకై బేరమాడుదురు. ఆ యిల్లు ఏ పేటలో, ఎట్టి నేలపై నున్నదో విచారించువారరుదు. గోడలకు సున్నము మరల వేయించవచ్చును, ద్వారబంధమును మార్పించవచ్చును. పేటను మార్పించుట యెవరి తరము? పగలెల్ల అచ్చట మెలగువారము, ఉద్యోగము చేసి చీకటిపడిన పిదప ఆ వీధినే నడచి వచ్చువారము మనమే. కావున బయానా యిచ్చుటకు ముందు పేటను జూచుట స్త్రీల పనియని నా యభిప్రాయము. ఇది నాకు పుస్తకములవలన తెలిసినది కాదు.

మేము విజయవాడలో అద్దెయింట నుందుము. మావారు బడిపంతులు. 2019వ సంవత్సరము వేసవిలో, నగరమున కుత్తరముగా బుడమేటి దాపున నొక యిల్లు అమ్మకమునకు వచ్చెను. మూడు గదులు, తూర్పు వాకిలి, పెరటిలో కొబ్బరిచెట్టు, ధరయు మాకందునదే. మావారు 50 వేల రూపాయలు బయానా యిచ్చి వచ్చిరి. అందు సగము నా గాజులు కుదువబెట్టి తెచ్చినది. నన్ను దీసికొనిపోయి యిల్లు చూపినది ఆ తరువాతనే.

ఎండకు దాహమై నేను పొరుగింటికి బోతిని. అచ్చటి వృద్ధురాలు మజ్జిగ యిచ్చి, తన గోడపై నడుమెత్తున నున్న చారను జూపి, "అమ్మాయీ, ఇది 2005వ సంవత్సరములో వచ్చిన నీరు. ఆ యింటికి క్రొత్తగా సున్నము వేసిరి గనుక మీకు కానరాదు" అనెను.

బుడమేరు మైలవరము వైపు కొండలనుండి వచ్చి కొల్లేట గలియును. దాని వరదను వెలగలేరు వద్ద మళ్ళించి కాలువ ద్వారా కృష్ణలోనికి బంపుదురు. కృష్ణయే పొంగియున్నప్పుడు ఆ కాలువనీరు నదిలోనికి దిగజాలక వెనుకకు దన్నును. అప్పుడది పల్లపు పేటలను వెదకికొనును. ఈశాన్యమున జలముండుట శుభమందురు గాని, నట్టింట నుండుట శుభమని యే శాస్త్రమునను జెప్పలేదు!

మూడు రాత్రులు మేమిరువురము నిద్రలేక తర్కించుకొని, తుదకు ఆ యిల్లు వలదనుకొంటిమి.

అది మొదలు ఏ యిల్లు చూడబోయినను నేను పెద్దవాన కురిసిన మరునాడు పోవుదును. మురుగుకాలువ యెటు ప్రవహించుచున్నదో చూతును. కుళాయినీరు ఎన్ని గంటలకు వచ్చును, ఎంతసేపు వచ్చును అను ప్రశ్న మధ్యవర్తినిగాక బిందె పట్టుకొన్న యిల్లాలి నడుగుదును. పాలవాని నడుగుట మరియు మేలు. వానలో తాను పోజాలని సందులేవియో అతనికి దెలిసినట్లు ఇంజనీర్లకును దెలియదు. దీపములు పెట్టిన పిదప మరియొకమారు పోయి, ఆడపిల్ల ఒంటిగా నడువదగిన వీధి యగునో కాదో చూతును.

పత్రముల మాట మావారిది. సబ్ రిజిస్ట్రారు కార్యాలయమున ముప్పదియేండ్ల ఈసీ తీయించిన, అమ్మకములును తాకట్టులును దెలియును, వరదలు తెలియవు. ఆ సర్వే నెంబరు వాగు పోరంబోకో, చెరువు భూమియో వేరుగ విచారింపవలెను. 2024లో హైదరాబాదున చెరువుల హద్దులలోని కట్టడములను హైడ్రా సంస్థ కూల్చినప్పుడు, రిజిస్ట్రీ కాగితములు చేతబట్టుకొని విలపించిన యిల్లాండ్రను మనము చూచితిమి గదా.

ఇంక నొక మాట దాచితిని. బయానా మరల నిమ్మని వేడగా ఆ యింటి యజమాని, వేరొకరు కొన్నచో సగమిత్తుననెను. ఆ సగమునకై పోయిననాడు, చంకబిడ్డతో నొక యువతి యిల్లు చూడవచ్చియుండెను. "అక్కయ్యగారూ, ఇల్లెట్లున్నది?" అని నన్నడిగెను. యజమాని ప్రక్కనే యుండెను. "బాగున్నదమ్మా" అంటిని. నా గాజులు నాకు వచ్చినవి.

2024 సెప్టెంబరు 1వ తేదీన మళ్ళింపు కాలువకు గండ్లుపడి అజిత్‌సింగ్ నగరము మొదలగు పేటలు మునిగెను. అప్పుడు కృష్ణయు ప్రకాశము బ్యారేజీ వద్ద 11 లక్షల క్యూసెక్కులకు మించి పారుచుండెను. జనులు దినముల తరబడి మేడలపై పాలకును మంచినీటికిని అలమటించిరి. నీరు తీసిన పిదప బియ్యమును బట్టలును పంచుటకు మావారితో నేనును ఆ వీధికి బోతిని. ఆమె వాకిట బురద యెత్తుచుండెను. చార ఈమారు నా భుజముల యెత్తున నున్నది. నన్ను గుర్తుపట్టెను. నేను క్షమింపుమంటిని. ఆమె యేమియు ననక, నేనిచ్చిన బియ్యము తీసికొని లోనికి బోయెను.