పాసు లేకపోయినా రానిస్తారు

"పాసుల్లేకుండా మనల్ని లోపలికి రానిస్తారేటి?" దేవరాపల్లి వైపు విశాఖ కచేరీల ఊసెత్తితే వినిపించే మాట ఇది. వెనకే ఇంకోటి: టికెట్టు వేలల్లో ఉంటుందట. ఇవి నమ్మి, సంగీతమో కూచిపూడో నేర్చుకుంటున్న పల్లె పిల్లలు ఒక్క విద్వాంసుడి ఎదుటైనా కూర్చుని పూర్తి కచేరీ వినకుండానే పెద్దవాళ్లయిపోతున్నారు. అక్కడ నగరంలో వయొలిన్ శ్రుతి చేసుకునే వేళకు వెనక వరసలు ఖాళీగా కనిపిస్తాయి. ఈ పుకార్లు ఇటు పిల్లల్నీ, అటు కళాకారుల్నీ నష్టపరుస్తున్నాయి.

అసలు తికమక ఆహ్వాన పత్రిక దగ్గర మొదలవుతుంది. కార్డు ఇంటికి రాలేదు కాబట్టి పిలుపు లేదనుకుంటారు. పెళ్లి శుభలేఖ లెక్క ఇక్కడ పనికిరాదు. ఎక్కడ కనిపించినా ఆ కార్డును చివరిదాకా చదవాలి. గాయకుడి పేరు, పక్కవాద్యాల వాళ్ల పేర్లు, వేళ, వేదిక అయ్యాక అడుగున చిన్న అక్షరాల్లో 'అందరూ ఆహ్వానితులే' అని ఉంటుంది. ఆ మాటకు వేరే అర్థం లేదు. ముందు వరసలు అతిథులకూ దాతలకూ ఉంచుతారు, మిగతా కుర్చీలు ఎవరు ముందొస్తే వాళ్లవి. పిఠాపురం కాలనీలోని కళాభారతి లాంటి వేదికల మీద సంగీత సభలు జరిపే శాస్త్రీయ కచేరీలు, ఆరాధనోత్సవాలు చాలావరకు టికెట్టు లేనివే. సభ్యుల చందాలు, దాతల విరాళాలు ఆ ఖర్చు మోస్తాయి. సినిమా పాటల భారీ షోలకు టికెట్టు పెడతారు, నిజమే. అది చూసి అన్నిటికీ అదే ధర కట్టేస్తే ఎలా?

ఉచితమంటే నాసిరకమేనన్న అనుమానం ఇంకా అన్యాయం. తిరువైయ్యారులో పుష్య బహుళ పంచమి నాడు విద్వాంసులంతా కూర్చుని పంచరత్న కీర్తనలు పాడితే ఎవరూ టికెట్టు కొని వినరు. చెన్నై మార్గశిర కచేరీల్లో సాయంత్రాలకు టికెట్లుంటాయి గానీ, మధ్యాహ్నం పాడే యువ కళాకారుల్ని ఊరికే వినొచ్చు. రేపటి పెద్ద పేర్లు వాళ్లలోంచే వస్తాయి. సంగీతమొక్కటే కాదు, లండన్‌లో బ్రిటిష్ మ్యూజియం 1759లో జనానికి తలుపులు తెరిచింది. ఈనాటికీ అక్కడి శాశ్వత ప్రదర్శనకు రుసుము లేదు.

అంత దూరం దేనికి? పక్కనే విజయనగరంలో 1919లో పుట్టిన సంగీత కళాశాల ఉంది. తొలి అధ్యక్షుడు ఆదిభట్ల నారాయణదాసు. ఆయన చెప్పిన హరికథ పందిట్లో కూర్చున్న ప్రతివాడిదీ. చేతిలో డబ్బు లేని ఘంటసాల ఆ ఊళ్లో జోలె పట్టి, మధూకరం ఎత్తుకుని సంగీతం నేర్చుకున్నారు. ఉత్తరాంధ్ర సంగీత చరిత్రలో పేదరికం ఎప్పుడూ గుమ్మం బయట నిలబడిపోలేదు.

మరికొందరు రాగాలు తెలియకపోతే వినకూడదంటారు. తెలిసేది వింటేనే. పట్టుబట్టలు కట్టుకోవాలంటారు. ఉతికిన బట్టలు చాలు. మ్యూజియంలు చిన్నపిల్లలకేనన్నది జవాబు చెప్పదగ్గ మాటే కాదు.

అపోహలు కచేరీల దగ్గరే ఆగవు. అనకాపల్లి దగ్గరి శంకరంలో బొజ్జన్నకొండ మీద ఒకప్పుడు కనుమ నాడు జనం చేరి, రాక్షసుడిదని నమ్మిన బొజ్జ ఆకారం మీద రాళ్లు రువ్వేవారు. వారసత్వ పరిరక్షణ సంస్థ ఇంటాక్ పూనుకున్నాకే అది ఆగింది. అపోహ రాతినీ గాయపరుస్తుంది. కొండను తొలిచిన గుహల్లో బుద్ధుడు, పక్కనే లింగాలకొండ మీద వరసలు తీరిన రాతి స్తూపాలు. 1906 ప్రాంతంలో అలెగ్జాండర్ రే తవ్వకాలు జరిపితే సముద్రగుప్తుడి బంగారు నాణెం కూడా దొరికింది. ఒక పూట బస్సు ప్రయాణంతో చూడగలిగిన ఈ చోటుకు వెళ్లకుండా, నగరంలో ఖర్చెక్కువని నిట్టూర్చడం ఎందుకు?

ఒక్క మాట మాత్రం ఒప్పుకోక తప్పదు. కచేరీ సాయంత్రం మొదలై రాత్రి తొమ్మిది దాటాక ముగిస్తే పల్లెకు తిరుగు బస్సు దొరకడం కష్టం. ఆటో మాట్లాడుకుంటే ఉచిత కచేరీ ఖరీదైనదే. నిర్వాహకులు ఆదివారం ఉదయాల్లో కొన్ని పెడితే ఎంత మేలో!

అందాకా ఉన్న దారులే వాడుకోవాలి. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ ఆర్డినరీ బస్సుల్లో ఆడవాళ్లకు ఛార్జీ లేదు, ఆధార్ కార్డు మరవకూడదు. అక్కలు, అమ్మలు పిల్లల్ని తీసుకెళ్తే ప్రయాణ ఖర్చు బాగా తగ్గుతుంది. పగలు బీచ్ రోడ్డులో విశాఖ మ్యూజియం, 2002లో ప్రదర్శనశాలగా మారిన కురుసుర జలాంతర్గామి చూసి, సాయంత్రం కచేరీకి చేరొచ్చు. సోమవారం జలాంతర్గామికి సెలవు. ఏ హాల్లో ఏముందో పత్రికల్లో 'నగరంలో నేడు' శీర్షిక చెబుతుంది. టిఫిన్ డబ్బా ఇంటి నుంచే కట్టుకోవాలి. రాత్రికి నగరంలో చుట్టాలుంటే ముందే కబురు పెట్టాలి. లేకపోతే నడవ పక్క కుర్చీలో కూర్చుని, బస్సు వేళకు ఒక కృతి అయిపోయి చప్పట్లు మోగుతున్నప్పుడు లేవాలి. తని ఆవర్తనం మొదలయ్యాక మాత్రం లేవకూడదు. సాయంత్రమంతా గాయకుడి వెంట నడిచిన మృదంగ విద్వాంసుడికి తనదంటూ దొరికేది ఆ కాసేపే.