సెలవుల ప్రయాణంలో సద్దిమూట

వేసవి సెలవులు వచ్చాయంటే పిల్లలున్న ప్రతి ఇంట్లోనూ ఒకటే మాట. "ఈసారైనా ఎక్కడికైనా పోదామా?" మా కందుకూరు చుట్టుపక్కల గ్రామాలలో ఈ ప్రశ్నకు జవాబు చెప్పలేక మాట దాటవేసే తండ్రులు చాలామందే ఉన్నారు. కూరగాయలు పండించేవారు, పాలు పోసేవారు, పొద్దున్నే బస్సెక్కి నగరానికి పనికి వెళ్లేవారు. సముద్రాన్ని సినిమాలో తప్ప చూడని పిల్లలు వీరి ఇండ్లలో పెరుగుతున్నారు. శ్రీశైలం రోడ్డు మా ఊరి మీదుగానే పోతుంది గనుక సెలవులకు వెళ్లే కార్లను, టూరిస్టు బస్సులను వారు రోజూ చూస్తూనే ఉంటారు.

ఇలాంటి కుటుంబాలతో కూర్చొని మాట్లాడినప్పుడు ఒక సంగతి తెలుస్తుంది. రైలు టికెట్టు ఎంతో వారికి తెలుసు. గది అద్దె ఎంతో ఫోను చేసి కనుక్కుంటారు. ముందుగా తెలియనిది, తిరిగి వచ్చాక గుండె గుభేలుమనిపించేది తిండి ఖర్చు. ఆ భయంతోనే చాలామంది ప్రయాణం మానుకుంటారు. మరికొందరు అప్పు చేసి వెళ్లి, ఆ అప్పును దసరా దాకా తీరుస్తూ ఉంటారు. విహారయాత్ర కొరకు అప్పు చేయవద్దని నేను గట్టిగానే చెబుతాను. కాని వెళ్లనే వద్దని మాత్రం చెప్పను.

ఒక లెక్క వేసి చూద్దాం. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు ఐదు రోజులు విశాఖపట్నం వెళ్లారనుకోండి. మామూలు హోటలులోనే ఉదయం టిఫిను నలుగురికి 250 రూపాయలు, మధ్యాహ్నం భోజనం 600, సాయంత్రం టీ, చిరుతిండి 100, రాత్రి భోజనం 500 అనుకుంటే రోజుకు 1450. ఐదు రోజులకు 7250. ఇప్పుడు మధ్యాహ్న భోజనాన్ని అలాగే ఉంచి, మిగిలినవి గదిలో తినండి. టిఫిను 100లో అయిపోతుంది, టీ 60, రాత్రికి 200. రోజుకు 960, ఐదు రోజులకు 4800. మిగిలింది 2450 రూపాయలు. మీ ఊరి ధరలతో ఈ లెక్కను మళ్లీ వేసుకోండి. అంకెలు మారినా దారి ఇదే. నలుగురి స్లీపరు టికెట్ల ఖర్చులో పెద్ద భాగం ఇక్కడే దొరుకుతుంది.

మధ్యాహ్న భోజనాన్ని ఎందుకు ముట్టుకోలేదని అడుగుతారేమో. దాని సంగతి చివర చెబుతాను.

లాడ్జి గదిలో తిండి ఎలా సర్దుకోవాలో తెలిసినవారు ఎవరంటే, విహారయాత్రలకు తిరిగేవారికంటే ముందు వేలూరు వెళ్లివచ్చినవారిని చెప్పాలి. 1900 సంవత్సరంలో డాక్టర్ ఐడా స్కడర్ ఒక్క పడకతో మొదలుపెట్టిన ఆ ఆస్పత్రికి, అదే నేటి క్రిస్టియన్ మెడికల్ కాలేజీ ఆస్పత్రి, మన తెలుగు కుటుంబాలు ఎన్నో తరాలుగా వెళ్తున్నాయి. బెంగాలు నుండి, ఈశాన్య రాష్ట్రాల నుండి కూడ జనం వస్తారు. పరీక్షలు, వాటి ఫలితాలు, మళ్లీ డాక్టరుగారి దర్శనం అంటే వారాలు గడుస్తాయి. మూడు పూటలా హోటలులో తింటే వైద్యానికి తెచ్చిన డబ్బు కాస్తా కరిగిపోతుంది. అందుకే ఆ వీధులలోని లాడ్జీలలో వంట చేసుకునే వీలున్న గదులు ఇస్తారు. పొయ్యి, గిన్నెలు కూడ అద్దెకు దొరుకుతాయి. పొద్దున్నే మార్కెట్టుకు వెళ్లి ఆ పూటకు కావలసిన కూరగాయలు మాత్రమే కొని, ఒక గిన్నెలో అన్నం, ఇంకో గిన్నెలో పప్పు వండుకొని రోగికి పెట్టి తాము తినేవారిని అక్కడ ఏ వీధిలోనైనా చూడవచ్చు. వారి దగ్గర నేర్చుకోవలసినవి రెండు. ఏ పూటకు ఆ పూటకే కొనడం, కొన్నది మిగలకుండా తినడం. గదిలో ఫ్రిజ్జు ఉండదు గనుక ఈ రెండూ తప్పితే డబ్బు ఆదా కాదు సరికదా, కడుపు చెడుతుంది.

ఇక సద్దిమూట సంగతికి వద్దాం. మన తెలంగాణలో పొలానికి, ప్రయాణానికి కట్టుకొనిపోయే తిండిని సద్ది అంటాం. హైదరాబాదు నుండి విశాఖకు గోదావరి ఎక్స్‌ప్రెస్ సాయంత్రం బయలుదేరి రాత్రంతా నడుస్తుంది. ఆ రాత్రి భోజనం ఇంటి నుండే రావాలి. దానికి పులిహోరను మించినది లేదు. ఎందుకంటే మామూలు అన్నం అనుకున్నంత అమాయకమైనది కాదు. బియ్యంలో ఉండే ఒక రకం సూక్ష్మజీవి, దాని పేరు బాసిల్లస్ సీరియస్, విత్తనంలాంటి రూపంలో వంట వేడికి కూడ చావకుండా దాక్కుంటుంది. వండిన అన్నాన్ని గంటలకొద్దీ వెచ్చని చోట ఉంచితే మొలకెత్తి విషాన్ని తయారుచేస్తుంది. ఆ అన్నాన్ని మళ్లీ వేడి చేసినా ఒక రకం విషం పోదు. వండిన పదార్థాన్ని రెండు గంటలకు మించి బయట ఉంచవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది అందుకే. చింతపండు పులుపు ఈ క్రిములు పెరగడాన్ని మందగింపజేస్తుంది. మన అమ్మమ్మలకు క్రిమి పేరు తెలియకపోయినా ప్రయాణానికి పులిహోర కలిపేవారు, పులుసు కాస్త ఎక్కువే వేసేవారు. అయినా పులిహోర కూడ ఆ రాత్రికే. ఎంత మిగిలినా మరునాటి ఉదయానికి దాచకండి. అన్నాన్ని పళ్లెంలో ఆరబెట్టి, పూర్తిగా చల్లారాక పొడి డబ్బాలో సర్దండి. వేడివేడిగా మూత పెడితే చెమ్మ పట్టి త్వరగా పాడవుతుంది. కోడికూర, కోడిగుడ్డు కూర ప్రయాణానికి వద్దు. ఎంత ఇష్టమైనా ఇంట్లో తిని బయలుదేరండి.

నాలుగైదు రోజులు నిలిచేవి వేరే ఉన్నాయి. పల్లీల పొడి, కారప్పొడి, సకినాలు, నువ్వుల లడ్డూలు. మన పొరుగువారు సద్దుల బతుకమ్మనాడు పంచిపెట్టే సత్తుపిండి ప్రయాణానికి మేలైన తిండి. మక్కలు, పల్లీలు, నువ్వులు వేయించి దంచి బెల్లం కలిపితే చాలు, పొయ్యి అక్కరలేదు, పిల్లలు గుప్పెడు తింటే రెండు గంటలు ఆకలి అనరు. అటుకులు ఒక కిలో సంచిలో వేసుకోండి. నీళ్లలో కడిగి పిండి, పెరుగు, ఉప్పు, ఊరగాయ కలిపితే ఒక టిఫిను. అవే అటుకులకు అరటిపండు, బెల్లం కలిపితే ఇంకొక టిఫిను. నలుగురికి కలిపి వంద రూపాయలు దాటదు.

గదిలో కరెంటు కెటిలు ఉంటే ఇంకా సుళువు. 1500 వాట్ల కెటిలు ఐదు నిమిషాలు నడిస్తే కాలేది యూనిట్టులో ఎనిమిదో వంతు. గుడ్లు ఉడకబెట్టుకోవచ్చు, సేమియా నానబెట్టుకోవచ్చు, తాగే నీళ్లు కాచుకోవచ్చు. పాలు మాత్రం అందులో కాయవద్దు. పొంగి మీటల దాకా పోతాయి, అడుగంటిన వాసన ఎన్ని రోజులైనా పోదు. కెటిలు పెట్టుకోవచ్చునా అని గది మాట్లాడుకునేటప్పుడే అడగండి. ఇండక్షను స్టవ్వులు, నీళ్లు కాచే రాడ్లు చాలా లాడ్జీలలో ఒప్పుకోరు. బకెట్టులో రాడ్డు పెట్టి, పిల్లవాడు చేయి పెట్టే దాకా మరచిపోయే ప్రమాదం ఉంది గనుక ఒప్పుకోకపోవడమే మంచిది.

నిప్పు విషయంలో మాత్రం ఒక్క రూపాయి ఆదా కూడ చూడకండి. 2023 ఆగస్టు 26న మదురై స్టేషను యార్డులో ఆగియున్న ఒక యాత్రికుల రైలుపెట్టెలో, లక్నో నుండి వచ్చినవారు రహస్యంగా తెచ్చుకున్న గ్యాసు సిలిండరు వల్ల మంటలు లేచి తొమ్మిదిమంది చనిపోయారు. తెల్లవారుజామున టీ కాచుకొనబోయారట. రైలులో గ్యాసు, కిరోసిను, స్టవ్వు తీసుకొనిపోవడం రైల్వే చట్టం ప్రకారం నేరం. మూడేళ్ల దాకా జైలుశిక్ష వేయవచ్చు. మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెడితే వచ్చే విషవాయువు వాసన కూడ తెలియకుండానే ప్రాణం తీస్తుంది. వేలూరులో వంట చేసుకుంటారు కదా అంటారేమో, అవి వంటకని ఇచ్చిన గదులు. మామూలు లాడ్జి గది పరుపులు, కర్టెన్లు ఉన్న గది.

రాత్రి భోజనం ఎలా? దగ్గరలోని మెస్సులో వట్టి అన్నం పార్సిలు అడగండి, ఇస్తారు. ఒక ఫుల్ మీల్స్ పార్సిలు ఇద్దరికి సరిపోతుంది. ఒక పెరుగు ప్యాకెట్టు, ఇంటి నుండి తెచ్చిన పొడి, రెండు టమాటాలు, ఒక కీరదోసకాయ. విశాఖలో ఎం.వి.పి. కాలనీ రైతుబజారుకు వెళ్లండి. 1999లో మొదలైన రైతుబజార్లలో ఆ రోజు ధరలు బోర్డు మీద రాసి ఉంటాయి. కూరగాయలు పండించే మనం హోటలులో నాలుగు కీర ముక్కలకు సలాడు పేరుతో డబ్బు కట్టడం విడ్డూరం కాదా!

చవకగా వండిన భోజనమే కావాలంటే ఆంధ్రప్రదేశ్‌లో 2024 ఆగస్టు నుండి మళ్లీ తెరచిన అన్న క్యాంటీన్లలో పూటకు 5 రూపాయలు. మన హైదరాబాదులో 5 రూపాయల భోజనం 2014 నుండి ఉంది. తమిళనాడులో 2013లో వచ్చిన అమ్మ ఉణవగంలో ఇడ్లీ ఒక రూపాయి. రైల్వేవారు 2023 నుండి కొన్ని స్టేషన్లలో జనరల్ పెట్టెలు ఆగే చోట 20 రూపాయలకు పూరీలు, ఆలుగడ్డ కూర ఇస్తున్నారు. అయితే క్యాంటీను వరుసలో కూలికి పోయే మనిషి మన వెనుక నిలబడి ఉంటే, ఆ పళ్లెం అతనికే దక్కనివ్వాలని నా అభిప్రాయం. మనం సెలవు మీద వచ్చాం, అతడు పని మీద ఉన్నాడు.

పిల్లల నామోషీ సంగతి ఒకటుంది. లాడ్జి వరండాలో స్టీలు డబ్బా తెరిస్తే పదమూడేళ్ల అమ్మాయి "డాడీ, అందరు చూస్తున్నరు, లోపల తిందాం" అంటుంది. కసరకండి. ఐదువేలమంది ఉన్న ఆ పచ్చికబయలులో తిండి దగ్గర ఉంచుకున్న చిన్నవాడు ఒకడున్నాడని, వాని దగ్గర ఉన్నవి యవల రొట్టెలని యోహాను ఒక్కడే రాశాడని చెప్పండి. యవలు ఆ కాలంలో గోధుమకంటే చవక ధాన్యం, బీదవారి తిండి. చెప్పి, ఆమె అడిగినట్టే లోపలికి వెళ్లి తినండి. ఆ వయసుకు ఆ సిగ్గు సహజం.

అంతకంటే పెద్ద సంగతి అమ్మది. గదిలో తినడమంటే ఇంటి వంటగదిని మోసుకొనిపోయి ఆమె ముందు పెట్టడమైతే, ఆ ప్రయాణంలో సెలవు అందరికీ దొరికి ఆమెకు మాత్రమే దొరకదు. బయలుదేరే ముందు పులిహోర, పొడులు, లడ్డూలు ఎవరు చేశారో అందరికీ తెలుసు. కనుక ఇల్లు దాటిన తరువాత ఆమె చేయి గిన్నె మీద పడకూడదు. గుడ్ల పెంకు పిల్లలు తీయాలి. అటుకులు కడగడం, పార్సిలు తేవడం, పళ్లేలు తోమడం తండ్రి పని. "మా ఆయనకు అలవాటు లేదండీ" అని అక్కచెల్లెండ్లు అంటారు. పళ్లెం తోమడానికి డిప్లొమా అక్కరలేదు. దీనికి ఒప్పుకోని ఇంట్లో ఈ వ్యాసంలో చెప్పినదేదీ పాటించవద్దు. డబ్బు పోతే పోయింది, హోటలులోనే తినండి.

ఇప్పుడు మధ్యాహ్న భోజనం. ఉదయం, రాత్రి మిగిల్చినదంతా ఈ ఒక్క పూట కొరకే. పిల్లవాడు మెనూ కార్డులో కుడివైపు అంకెలు చూసి "నాకు ఆకలి లేదు" అనే భోజనం చేయించకండి. విశాఖలో చేపల పులుసు అడగనివ్వండి. అరకు వెళ్లే రైలు ఉదయాన్నే బయలుదేరుతుంది గనుక కెటిలులో ఉడికిన గుడ్లు, బ్రెడ్డు, అరటిపండ్లు పెట్టెలోనే తినండి. సొరంగాలు లెక్కపెట్టడం పిల్లలకు వదిలేయండి. పైకి చేరాక బొంగు చికెన్ కొనండి. కోడిమాంసానికి మసాలా పట్టించి, నూనె లేకుండా, పచ్చి వెదురు బొంగులో కూరి నిప్పుల మీద కాలుస్తారు. ధర చూసి వెనుకాడవలసిన పని లేదు, ఆ డబ్బు రెండు రోజులుగా అటుకులు మిగిల్చిన డబ్బే.

తిరుగు ప్రయాణంలో ఇంటి పులిహోర ఉండదు. రైలు ఎక్కే ముందు వేడి చపాతీలు కట్టించుకోండి, కూర బదులు మిగిలిన పొడి, ఊరగాయ చాలు. చివరి సత్తుపిండి పొట్లం మాత్రం తెల్లవారే దాకా తీయకండి. హైదరాబాదులో దిగి, కందుకూరు బస్సు కొరకు నిలబడే ఆ అరగంటలోనే పిల్లలకు ఆకలి వేస్తుంది.